బరువు తగ్గించాలా, గరుకు తగ్గించాలా?

జమా – ఖర్చు

ఈ శీర్షికలో ఇంతవరకు లాకరు నామినేషను గురించి, పంట రుణాల వడ్డీ గురించి, పాత పత్రాలు భద్రపరచుకోవడం గురించి రాస్తూ వచ్చాను. ఈసారి రాయబోయేది తుపాకి గురించి. బ్యాంకువాడికి తుపాకితో ఏం పని అని నవ్వుకునేవారికి ఒక్క మాట. శాఖల్లో కాపలా ఉండే గన్‌మెన్‌ల లైసెన్సు రెన్యువళ్ళు, వాళ్ళ తుపాకుల తనిఖీ, వాళ్ళ గురి సాధన ఏర్పాట్లు, ఈ ఫైళ్ళన్నీ చాలా ఏళ్ళు నా బల్ల మీదుగానే నడిచాయి. బి.కాం.లో నేర్చుకోని చదువు అలా కొంత అబ్బింది.

తడాగం వైపు తోట ఉన్న మన సభ్యులొకరు రాసిన ఉత్తరం ఈ వ్యాసానికి కారణం. ఆయన రాసింది ఇది: "అన్నా, మా పెదనాన్న కొడుకు దగ్గర పాత .315 రైఫిలు లైసెన్సు మీదనే కొన్నాను. గొట్టం బాగుంది, బోల్టు బాగుంది. ట్రిగ్గరు మాత్రం రాయిలాగా ఉంది. క్లబ్బు రేంజిలో కాల్చి చూస్తే గుండ్లన్నీ కుడివైపు కిందికి పోతున్నాయి. మా వాడు గణపతిలో స్నేహితుడి లేతు పట్టడకు తీసుకుపోయి లోపలి ముక్కను కాస్త అరగదీయిస్తే రెండు నిమిషాల పని అంటున్నాడు. చేయించమంటారా?"

తమ్ముడూ, చేయించవద్దు. ఎందుకో చెప్పడానికి ఒక్క ముక్క చాలదు గనక ఈ పేజీ అంతా నీకే ఇస్తున్నాను. ఇలాంటి రైఫిలు బీరువాలో ఉన్నవాళ్ళు కోయంబత్తూరు, మదురై చుట్టుపక్కల మనవాళ్ళలో మరికొందరు లేకపోలేదు. వాళ్ళకీ పనికివస్తుంది.

ముందు ఆ రైఫిలు సంగతి. .315 అన్నది కలకత్తా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ సరుకు. బ్రిటిషు సైన్యం రెండు ప్రపంచ యుద్ధాల్లో మోసిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలుకు ఇది సొంత తమ్ముడు. సైన్యం వాడే .303 తూటా పౌరుల చేతికి పోకూడదని, అదే యంత్రానికి వేరే కొలత గొట్టం బిగించి పౌరులకు అమ్మారు. ఆ ఫ్యాక్టరీ 2021 అక్టోబరు 1 నుంచి అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా అనే ప్రభుత్వ కంపెనీ కిందికి వెళ్ళింది. పేరు మారినా, నీ చేతిలో ఉన్న ట్రిగ్గరు మాత్రం సైన్యం కోసం గీసిన ట్రిగ్గరే. అది బరువుగా ఉండడం తయారీలో దొర్లిన పొరపాటు కాదు. కావాలనే అలా పెట్టారు.

లీ-ఎన్‌ఫీల్డ్ ట్రిగ్గరుకు రెండు అంచెలున్నాయి. వేలు పెట్టి లాగితే మొదట కొంతదూరం మెత్తగా వస్తుంది. ఆ తర్వాత ఒకచోట గట్టిగా ఆగుతుంది. అక్కడ మళ్ళీ ఒత్తితే పేలుతుంది. సైన్యం లెక్క ప్రకారం మొదటి అంచెకు 3 నుంచి 4 పౌన్లు, రెండో అంచెకు 5 నుంచి 6 పౌన్లు. మన లెక్కలో సుమారు ఒకటిన్నర కిలోలు, ఆపైన రెండున్నర కిలోలు. రైఫిలు మొత్తం బరువే నాలుగు కిలోలకు అటూ ఇటూ. నాలుగు కిలోల వస్తువును కదలకుండా పట్టుకుని, దాని మీద ఒక్క వేలితో రెండున్నర కిలోల బలం చూపాలి. అలవాటు లేని చెయ్యి ఒక్కసారిగా గుంజుతుంది. కుడిచేతివాటం మనిషి గుంజితే మూతి కుడివైపుకు, కిందికి పోతుంది. నీ గుండ్లు పోయేది అక్కడికే కదా!

మరి ఈ రెండు అంచెలు ఎందుకు? బ్యాంకు స్ట్రాంగ్ రూము చూసినవాళ్ళకు ఇది ఇట్టే బోధపడుతుంది. ఇనప్పెట్టెకు రెండు తాళంచెవులు, ఇద్దరు అధికారుల దగ్గర. ఒక్కరి వల్ల తెరుచుకోదు. రోజూ పొద్దున్నే ఇద్దరూ కలవాలి, విసుగే. అయినా ఎవరూ ఒక తాళం తీసేద్దామనరు. రైఫిల్లోనూ అంతే. బోల్టు మూసినప్పుడు ఫైరింగ్ పిన్ను వెనకాల ఉన్న ముక్క ఒక ఇనప కొక్కేనికి తగులుకుని ఆగుతుంది. ఈ కొక్కేన్ని పనివాళ్ళు సియర్ అంటారు. తుపాకి పట్టుకుని నడుస్తున్నప్పుడు, గట్టు దిగుతున్నప్పుడు, కింద పెట్టినప్పుడు ఆ పట్టు లోతుగా ఉండాలి. మొదటి అంచె లాగినప్పుడు ఆ లోతైన పట్టు సడలి అంచుకు వస్తుంది. రెండో అంచెకు తప్పుతుంది. అంటే మొదటి అంచె మోతకు, రెండో అంచె కాల్పుకు. లేతు పట్టడలో 'తేలిక' చేసేవాడు సాధారణంగా తీసేసేది ఆ లోతునే. ఇనప్పెట్టె తెరవడం తేలికవుతుంది, నిజమే. దొంగకు కూడా!

ఇంకొకటి ఉంది, ఇది పట్టడవాళ్ళకే ఎక్కువ తెలియాలి. ఆ కొక్కెం అంచు పైపొర గట్టిపరచిన ఇనుము. ఆ పొర చాలా పలచన. లోపలిది మెత్తని ఇనుము. ఆకురాయి నాలుగుసార్లు ఆడితే ఆ పొర పోతుంది. పోయిన రోజు ట్రిగ్గరు వెన్నలా ఉంటుంది, అందరూ భుజం తడతారు. తర్వాత ఒక్కొక్క తూటాకు ఆ మెత్తని అంచు కొద్దికొద్దిగా అరుగుతుంది. ఒకనాడు ట్రిగ్గరు ముట్టుకోకుండానే, బోల్టు మూసీమూయగానే పేలుతుంది. ఏనాడో ఎవరూ చెప్పలేరు. మంచి పనితనమే ఇక్కడ శత్రువు. చెడిన వస్తువయితే వెంటనే తెలుస్తుంది, జాగ్రత్తపడతాం. బాగుపడినట్టు కనిపించే వస్తువును నమ్ముతాం.

మా శాఖలో గన్‌మన్‌గా పనిచేసిన మాజీ సుబేదారు ఒకాయన ఉండేవారు. ఉసిలంపట్టి వైపు మనిషి. .303 మీద తర్ఫీదు పొందినవారు. తుపాకి సంగతుల్లో నాకు గురువు ఆయనే. మధ్యాహ్నం క్యాషు మూశాక ఆయన్ను అడిగి తెలుసుకునేవాణ్ణి. ఒకనాడు ట్రిగ్గరు మాట వచ్చింది. ఆయన తన బావ సంగతి చెప్పారు. చేను కాపలాకు పెట్టుకున్న తుపాకికి ట్రిగ్గరు గట్టిగా ఉందని బావ ఊళ్ళో కమ్మరి చేత అరగదీయించాడట. ఒక వానాకాలమంతా బాగానే పనిచేసిందట. ఆ తర్వాత ఒక సాయంత్రం బండి మీంచి దించి తుపాకిని నేలకు ఆనించాడు. అంతే. పక్కన నిలబడ్డ తమ్ముడి పాదం పోయింది. "పాదమే పోయింది సార్, మనిషి దక్కాడు. కాని ఆ అన్నదమ్ములు మళ్ళీ ఒక పంక్తిలో కూర్చుని అన్నం తినలేదు" అన్నారు. ఆ మాట చెప్పి తన డబుల్ బ్యారెల్ తుపాకి తుడుచుకుంటూ కూర్చున్నారు. నేను మరేమీ అడగలేదు.

అయితే బరువు భరించడమేనా, వేరే దారి లేదా? ఉంది. నూటికి ఎన్ని అని లెక్క చెప్పను గాని, పాత రైఫిల్లో మనం బరువు అనుకునేది చాలాసార్లు బరువు కాదు, గరుకు. అసలు బరువును గరుకు నుంచి విడదీసి చూడాలి. ఆస్తి, అప్పు వేరువేరుగా రాసుకుంటేనే గదా నికరం తెలిసేది.

గరుకు ఎక్కణ్ణుంచి వస్తుంది? మొదటిది ఎండిపోయిన నూనె. ఎన్నికలొస్తే తుపాకులు పోలీసు స్టేషనులోనో డీలరు దగ్గరో అప్పగిస్తాం. 2024 లోక్‌సభ ఎన్నికల నియమావళి మార్చి 16న మొదలై జూన్ మొదటి వారం దాకా సాగింది. నడి ఎండాకాలం అన్ని వారాలు కొట్టులో నిలబడ్డ తుపాకిలో పాత నూనె జిగురవుతుంది, దానికి దుమ్ము పడుతుంది. రెండోది మన ఆయుధపూజ. మొరపెట్టుకోవడం కాదు గాని, చందనం, కుంకుమ, విభూతి తెచ్చి సరిగ్గా బోల్టు మీదా ట్రిగ్గరు మీదా పెడతాం. ఆ పొడి లోపలికి దిగి నూనెతో కలిసి గచ్చులా పట్టుకుంటుంది. కొయ్య భాగం మీద బొట్టు పెట్టినా అమ్మవారు కాదనదు. మూడోది తేమ, దానివల్ల స్ప్రింగుకు పట్టే తుప్పు.

నాలుగోది చాలామందికి తెలియదు. ఈ నమూనా రైఫిల్లో ట్రిగ్గరు ఇనప శరీరానికి తగిలించి ఉండదు. కింది ట్రిగ్గరు గార్డుకు తగిలించి ఉంటుంది. కొక్కెం మాత్రం పై ఇనుముకు ఉంటుంది. ఈ రెంటి మధ్య ఉన్నది కొయ్య. కొయ్య ఎండకు కుంచించుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. గార్డు మరలు సడలినా, ఎవరో మరీ బిగించినా ట్రిగ్గరుకూ కొక్కేనికీ మధ్య ఎడం మారిపోతుంది. అప్పుడు మొదటి అంచె మాయమై మొత్తం ఒకే మొండి బరువులా తగులుతుంది. మా నాయన కాలంలో ఇంత గట్టిగా లేదే అనేవాళ్ళ మాట ఉత్తది కాదు. ఇనుము మారలేదు, కొయ్య మారింది. ఇలాంటిదానికి కొక్కెం అరగదీయడం అంటే, తలుపు చెక్క ఉబ్బిందని తాళంచెవిని ఆకురాయి పట్టడమే.

కనుక చేయవలసింది వరసగా చెబుతాను.

ఒకటి: మేగజీను తీసి, బోల్టు తెరిచి, తూటా గదిలో ఏమీ లేదని కంటితో చూసి, ఆపైన చిటికెన వేలితో తడిమి చూడాలి. తూటాలు వేరే గదిలో ఉండాలి. క్యాషు రెండుసార్లు లెక్కపెట్టినట్టే ఇదీ రెండుసార్లు.

రెండు: బోల్టు బయటికి తీసి, గుడ్డకు కొంచెం కిరసనాయిలు అద్ది తుడిచి, బాగా ఆరాక పలచని తుపాకి నూనె ఒక్క చుక్క. వంటనూనె, కొబ్బరినూనె వద్దు. అవే జిగురయ్యేవి. కొయ్య భాగాలు, గార్డు మరలు మనం విప్పవద్దు. వాటికి ఒక వరస ఉంది, అది తెలిసినవాడే విప్పాలి.

మూడు: కొలవాలి. ఖాళీ రైఫిలును మూతి పైకి నిలబెట్టి, ట్రిగ్గరుకు స్ప్రింగు తాసు కొక్కెం తగిలించి మెల్లగా లాగితే ఎన్ని కిలోల దగ్గర టిక్కుమంటుందో తెలుస్తుంది. ఐదారుసార్లు చూసి కాగితం మీద రాసుకోండి. ప్రతిసారీ ఇంచుమించు ఒకే అంకె వస్తే అది దాని అసలు బరువు. ఒకసారి రెండున్నర, ఒకసారి నాలుగు వస్తే అది గరుకో, కొయ్యో. ఆ కాగితమే తుపాకి పనివాడికి మీరిచ్చే రోగి చీటీ.

నాలుగు: ఆ కాగితంతో, లైసెన్సుతో, ఖాళీ రైఫిలును సంచిలో పెట్టుకుని లైసెన్సు ఉన్న ఆయుధ మరమ్మతుదారు దగ్గరికి వెళ్ళాలి. ఎవరికి ఆ లైసెన్సు ఉందో మీకు లైసెన్సు ఇచ్చిన కార్యాలయంలోనో, మీ రైఫిల్ క్లబ్బులోనో అడిగితే చెబుతారు. ఆయన కొయ్య సరిచేస్తాడు, స్ప్రింగు మారుస్తాడు, అవసరమైతే తాకే ముఖాలను కోణం చెడకుండా, పొర పోకుండా నునుపు చేస్తాడు. నునుపు చేయడం వేరు, అరగదీయడం వేరు. తోటలో మోసుకుతిరిగే రైఫిలుకు రెండు కిలోలకు తక్కువ అడగవద్దని నా మాట. ఆ బరువే నునుపుగా వస్తే ఇప్పటి రాయి గుర్తుకు కూడా రాదు.

ఐదు: ఇంటికి తెచ్చాక, ఖాళీగా ఉందని మళ్ళీ చూసుకుని, బోల్టు గట్టిగా పదిసార్లు మూసి చూడాలి. కట్టె మడమను మందపాటి రబ్బరు పట్టా మీద కాస్త గట్టిగా తాటించి చూడాలి. ఒక్కసారైనా దానంతట అది జారితే ఆ తుపాకి ఆ పూటే తిరిగి పనివాడి దగ్గరికి పోవాలి. కొత్తగా కొన్న పాత రైఫిలుకు ఈ పరీక్ష మొదటి రోజే చేసుకోవడం మేలు. మనకంటే ముందే ఎవరైనా 'తేలిక' చేయించి ఉండవచ్చు కదా.

ఇక చట్టం. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం తుపాకి తయారుచేయడానికి, అమ్మడానికి ఎలాగో, మరమ్మతు చేయడానికీ అలాగే లైసెన్సు కావాలి. 2019 సవరణ తర్వాత ఈ సెక్షను మీరితే శిక్ష కనీసం ఏడేళ్ళు, పైకి యావజ్జీవం దాకా. గణపతిలో ఆ స్నేహితుడి కొడుకు పంపుసెట్టు ముక్కలు తిప్పుకుని బతుకుతున్న పిల్లవాడు. మన మొహమాటం కోసం రెండు నిమిషాల పని చేసిపెట్టి ఏడేళ్ళు పోగొట్టుకోవాలా? అదే సవరణతో ఒక మనిషికి ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండయ్యాయి, లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళయింది. లైసెన్సు ఉన్నవారు మరో లైసెన్సుదారుకు అమ్మేటప్పుడు 45 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. అన్నదమ్ముల మధ్య అమ్మకమైనా అంతే. ఆ కాగితం నకలు మీ దగ్గర ఉందో లేదో ఈ వారమే చూసుకోండి.

ఇక్కడ పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు. ఒలింపిక్స్‌లో వాళ్ళ ట్రిగ్గరు ఈక తగిలినట్టుంటుందే, మనకెందుకు వద్దంటారు అని. నిజమే. 2012లో లండన్‌లో హైదరాబాదు అబ్బాయి గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లో కాంస్యం తెచ్చాడు. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్లో తెచ్చాడు. ఆ రెండు పోటీల్లోనూ ట్రిగ్గరు కనీసం ఇంత బరువుండాలన్న నియమం లేదు. అదే ఎయిర్ పిస్టలుకు 500 గ్రాములు, 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిలుకు 1500 గ్రాములు తప్పనిసరి. తేడా గమనించండి. పోటీ రైఫిలు గీత దగ్గర నిలబడ్డాకనే నింపుతారు, మూతి గురిపలక వైపే ఉంటుంది, తూటా నింపి ఎవరూ నాలుగడుగులు నడవరు. పైగా ఆ ట్రిగ్గరు తేలికగా ఉండేందుకే పుట్టింది. ఒకరి కోసం కుట్టిన చొక్కా కత్తిరించి ఇంకొకరికి తొడిగినది కాదు. జిమ్ కార్బెట్ వాడిన .275 రిగ్బీ కూడా బోల్టు రైఫిలే, మౌజర్ యంత్రం మీద కట్టినది. మౌజర్ సైనిక ట్రిగ్గరుకూ రెండంచెలే.

గురి బాగుపడడానికి ఖర్చులేని మందొకటి సుబేదారుగారు నేర్పారు. ఖాళీ రైఫిలులో బొమ్మ తూటా పెట్టి, గొట్టం మూతి దగ్గర ఒక రూపాయి బిళ్ళ నిలపాలి. గోడ మీద ఒక చుక్క చూస్తూ మొదటి అంచె తీసుకుని ఆగాలి. ఊపిరి సగం వదిలి, రెండో అంచెను నిమ్మపండు పిండినట్టు పిండాలి. బిళ్ళ పడకూడదు. రోజుకు ఇరవైసార్లు, నలభై రోజులు. ఆయన చేస్తుంటే బిళ్ళ అక్కడ మేకు కొట్టినట్టు ఉండేది. అది అదే రెండున్నర కిలోల ట్రిగ్గరు సుమా! బరువు తగ్గలేదు, వేలు నేర్చుకుంది.

మన చేతి పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడుగారు (1893–1974) విదేశీ యంత్రం విప్పి చూసి, దానికంటే మెరుగైనది చేయవచ్చునని మన ఊరికి నేర్పినవారు. 1937లో ఇక్కడ ఎలక్ట్రిక్ మోటారు తయారైందంటే ఆ తెగువే కారణం. మోటారు చెడితే ఫ్యూజు పోతుంది, మళ్ళీ చుట్టుకోవచ్చు. తుపాకి చెడితే ఏం పోతుందో దాన్ని మళ్ళీ చుట్టే పట్టడ లేదు. అందుకే ఆ పనితనానికే ఒక గీత ఉండాలంటున్నాను.

తుపాకి అనేసరికి మనలో కొందరికి పాళెగాళ్ళ కాలం గుర్తొచ్చి మీసం మీదికి చెయ్యి పోతుంది. 1799లో కయత్తారులో కట్టబొమ్మన్నను ఉరితీశారు. 1801 డిసెంబరులో కుంఫిణీవారు కోటలు పడగొట్టించి ఆయుధాలు లాక్కున్నారు. 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. 1972 వన్యప్రాణి చట్టంతో వేట ముచ్చటా తీరింది. ఇప్పుడు అడవిపంది తోటలో పడ్డా మన ఇష్టానికి కాల్చడానికి లేదు. ఇన్ని దాటుకుని ఇంట్లో మిగిలిన రైఫిలు పౌరుషానికి గుర్తు కాదు. అప్పగించేదాకా కాపాడవలసిన ఒక డిపాజిట్టు. లైసెన్సుదారు కాలం చేస్తే వారసులు ఆలస్యం చేయకుండా దాన్ని పోలీసు స్టేషనులోనో, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో అప్పగించి, ఆ తర్వాతే తమ పేర లైసెన్సుకు అర్జీ పెట్టుకోవాలి. ఈ సంగతి ఇంట్లో ఆడవాళ్ళకు కూడా తెలిసి ఉండాలి. ఆ వేళకు బీరువా తాళాలు ఉండేది వాళ్ళ చేతిలోనే.

మరమ్మతు చేయించినప్పుడు రైఫిలు నెంబరు వేసి బిల్లు అడిగి తీసుకోండి. ఏం మార్చారో, ట్రిగ్గరు ఎన్ని కిలోలకు వచ్చిందో అందులో రాయించండి. ఆ బిల్లును లైసెన్సు పుస్తకంలోనే ఉంచండి. రేపు మీ తర్వాత ఆ ట్రిగ్గరు మీద వేలు పెట్టేవాడికి, దాన్ని ఎవరు ముట్టారో, ఎంతవరకు ముట్టారో తెలిసి ఉండాలి.

వచ్చే సంచికలో: ఉమ్మడి ఖాతాలో ఒకరు పోయినప్పుడు రెండోవారు చేయవలసిన పనులు.